మావయ్య, మాష్టారు, అల్లం టీ

దీపావళికి మా ఇంట్లో మతాబులూ చిచ్చుబుడ్లే. టపాకాయలు కొనడం మానేసి ఇరవయ్యేళ్ళయింది. పర్యావరణం కోసమేమో అనుకునేరు, మా చిన్నమావయ్య కోసం.

మావయ్య మిలటరీలో ఫిరంగుల దళంలో చేశాడు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు ద్రాస్ వైపు ఉన్నాడు. 2004లో పెన్షనుతో ఊరొచ్చేశాడు. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదా, క్షేమంగా వచ్చాడనుకున్నాం. ఆ ఏడాది దీపావళికి మా తమ్ముడు వెనకనుంచి లక్ష్మీబాంబు పేల్చాడు. మావయ్య నన్ను ఒక్క తోపు తోసి, తను అరుగు వారన బోర్లా పడుకుండిపోయాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మిలటరీ మాధవరం లాంటి ఊళ్ళో పుట్టుంటే అర్థం చేసుకునేవాళ్ళు నలుగురుండేవారేమో. మా ఊరికి మావయ్య ఒక్కడే సిపాయి. నిద్ర పట్టదంటే పెళ్ళి చేస్తే అదే సర్దుకుంటుందన్నారు. విశాఖలో డాక్టరుగారు దాన్ని పీటీఎస్‌డీ అంటారని చెప్పేసరికి 2009 వచ్చింది. అక్కడికి తీసుకెళ్ళింది మేమెవరమూ కాదు, మాష్టారు.

ఆయన హైస్కూల్లో డ్రాయింగు మాష్టారు. టౌనులో మావయ్య అద్దెకున్న గది మేడ మీద, ఆయన పోర్షను కింద. రాత్రి మూడింటికి డాబా మీద అడుగుల చప్పుడు వినపడితే టీ కాచి పట్టుకెళ్ళేవారట. "ఏమీ అడిగేవాడు కాదమ్మాయ్. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి పక్కన కూర్చునేవాడు" అంటాడు మావయ్య. ఊరందరికీ 'మాష్టారుగారు', మావయ్యకి మాత్రం 'వాడు'. ఏడాదిన్నర అలా గడిచాక మావయ్య పై గది ఖాళీ చేసి కిందకి మారాడు. అంతే, వాళ్ళ కథలో ఇంతకన్నా మలుపుల్లేవు. సీరియల్ వాళ్ళకి ఒక్క ఎపిసోడుకి కూడా చాలదు.

ఒకసారి వాళ్ళింట్లో రెండ్రోజులున్నాను. మావయ్యని నిద్ర లేపాలంటే మాష్టారు ఒంటిమీద చెయ్యి వెయ్యరు. గుమ్మంలో నిలబడి పేరు పెట్టి పిలుస్తారు, కళ్ళు తెరిచాకే లోపలికెళ్తారు. కుక్కరు పెట్టగానే "మూడు విజిల్స్ వస్తాయి" అని హాల్లోకి వినపడేలా చెప్తారు. హోటల్లో తలుపు కనిపించే కుర్చీ మావయ్యకి వదిలేస్తారు. మాష్టారి షుగరు మాత్రలు మావయ్య పూచీ, నిమిషం తేడా రాదు. వాళ్ళది స్నేహం కాదు, దాంపత్యమని నాకు తెలిసింది అక్కడే. మా ఆయన మంచివారే (ఇది చదువుతారు!), కానీ కుక్కరు కూస్తే "ఆపవేమే" అని కేకెయ్యడం తప్ప ఇన్నేళ్ళలో ఇంకోటి తెలీదు.

అమ్మకి తెలుసు. "వాడికి తోడుంది, చాలు" అంది ఒకసారి. ఆ తరవాత ఇంట్లో ఎవ్వరం ఆ ఊసెత్తలేదు. అది మా పెద్దమనసు అనుకుని మురిసిపోయేదాన్ని.

కిందటేడు మావయ్యకి గుండెనొప్పి వచ్చింది. ఆస్పత్రిలో కాగితాలిస్తూ "మీరేమవుతారు?" అని అడిగారు. మాష్టారు తడుముకుని "ఒకే ఇంట్లో ఉంటాం" అన్నారట. అలాంటి వరస ఆ ఫారంలో లేదు. నేను వెళ్ళేదాకా ఆయన రెండు గంటలు బయట బెంచీ మీదే. ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకోవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018లో అంది. వాళ్ళ పెళ్ళి సంగతి చట్టసభలు చూసుకోవాలని 2023లో అంది. మాజీ సైనికుల వైద్య పథకంలో భార్యకి కార్డు ఇస్తారు, మాష్టారికి ఇవ్వరు. సంతకం నేను పెట్టాను, ఏడాదికి నాలుగుసార్లు చూసే మేనకోడల్ని. మేము ఊసెత్తకపోవడం వల్లే కదా, ఆయనకి ఆ రోజు చెప్పుకోడానికి వరస లేకపోయింది!

మొన్న మాఘంలో మా గృహప్రవేశం. బట్టలు పెట్టేటప్పుడు మావయ్య వంతు రాగానే ఒకే అంచున్న పంచెల చాపులు రెండు తీసి, "మాష్టారూ, మీరూ రండి" అన్నాను. పెద్దత్తయ్య ఏదో అనబోయి మానేసింది. అమ్మ లేచి మావయ్య పక్కన ఇంకో పీట వాల్చింది.

ఇది రాయనా అని ఇద్దర్నీ అడిగాను. "పేర్లొద్దు" అన్నాడు మావయ్య. "టీ సంగతి రాస్తే అల్లం వేసేవాణ్ణని కూడా రాయమ్మా" అన్నారు మాష్టారు.