స్పీకర్లో 'ఊం' ఎక్కడిది?

పాట మొదలుకాకముందే స్పీకర్లోంచి సన్నగా 'ఊం' అని ఒక మోత వస్తుంటుంది. చాలా ఇళ్లలో దానికి అలవాటు పడిపోతారు. మా మామగారు అలవాటు పడలేదు, అలాగని ఎవరికీ చెప్పనూ లేదు. డెబ్బై నాలుగేళ్లు వచ్చాయి కదా, చెవిలో హోరు మొదలైందని తనకు తానే తేల్చేసుకున్నారు. సాయంత్రం పూట పాత పాటలు వినడం మెల్లగా మానేశారు. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి "పాటలు పెట్టుకోవేం తాతయ్యా?" అని నిలదీస్తే అప్పుడు బయటపడింది సంగతి. "ఆ మోత నాకూ వినిపిస్తోందిగా!" అందది.

వయసుతో ముందుగా తగ్గేది కీచుమనే సన్నటి శబ్దాల వినికిడి. ఈ 'ఊం' బాగా మందమైన శబ్దం. అమ్మాయి ఫోన్లో శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్ పెట్టి స్పీకర్ దగ్గర ఉంచితే 50, 100, 150 అంకెల దగ్గర గీతలు పైకి లేచాయి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్. అంటే మోత తాతయ్య చెవిలోది కాదు, కరెంటుది.

అక్కడి నుంచి అది ఒక పాత నోట్‌బుక్ తీసుకుని కూర్చుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చగానే రాయాలి. రెండు ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు కదా అంటుంది. నేను పెట్టిన షరతు ఒకటే: ప్లగ్గులు, స్విచ్ బోర్డుల జోలికి తను వెళ్లకూడదు, ఆ పని నాది. ఏ వైరు తీసినా ముందు ఆంప్లిఫయర్ ఆపాలి. లేకపోతే 'ఠప్'మనే శబ్దానికి స్పీకర్లు దెబ్బతినొచ్చు.

మొదటి పరీక్ష వాల్యూమ్ తిప్పి చూడటం. మోత పెరగకుండా తగ్గకుండా ఉంటే లోపం చాలావరకు ఆంప్లిఫయర్‌లోనే అనుకోవచ్చు. వాల్యూమ్‌తో పాటు పెరిగితే అది ముందున్న పరికరాల నుంచి వస్తున్నట్టు. మాది పెరిగింది. సీడీ ప్లేయర్ వైరు తీశాం, తేడా లేదు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టాం, తేడా లేదు. ఫ్యాన్ ఆపితే మోత కొంచెం మారింది, పోలేదు. ఆ పేజీలో 'తేడా లేదు' అన్న మాటే ఎక్కువసార్లు ఉంది. నాకు ఆ పేజీ చాలా నచ్చింది. హోంవర్క్‌లో అలా రాస్తే ఎవరూ టిక్కు పెట్టరు గానీ.

టీవీ నుంచి వచ్చే వైరు తీయగానే మోత ఠక్కున ఆగిపోయింది. ఇక టీవీదే తప్పనుకున్నాం. అమ్మాయి ఒప్పుకోలేదు. టీవీ వైరు మళ్లీ పెట్టించి, సెట్‌టాప్ బాక్స్ వెనక నుంచి వీధిలోని కేబుల్ తీగను విప్పింది. అప్పుడూ నిశ్శబ్దమే. దొరికింది!

కారణం ఇది. మా ఆంప్లిఫయర్‌కు ఇంటి ఎర్త్ ఉంది. బయటి నుంచి వచ్చే కేబుల్ తీగ పైతొడుగుకు ఇంకెక్కడో వేరే ఎర్త్ ఉంది. రెండిటి మధ్యా కొద్దిపాటి వోల్టేజి తేడా. నీటిమట్టం వేరుగా ఉన్న రెండు చెరువుల మధ్య కాలువ తవ్వితే నీరు పారుతుంది కదా, అలాగే మన ఆడియో వైరు పైతొడుగులోంచి కాస్త కరెంటు పారుతుంది. అదే 'ఊం'. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఖరీదైన ఆడియో వైర్లు కొనమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఈ జబ్బుకు అది మందు కాదు.

అసలు భయపడాల్సిన సలహా వేరొకటి వచ్చింది. వచ్చిన ఎలక్ట్రీషియన్ రెండు నిమిషాల్లో చెప్పాడు, "ప్లగ్గులో ఎర్త్ వైరు కట్ చేసేస్తే పోతుంది మేడమ్." నిజమే, మోత పోతుంది. కానీ రేపు ఆంప్లిఫయర్ లోపల ఏ వైరైనా ఊడి ఇనుప డబ్బాకు తగిలితే, ఆ కరెంటు భూమిలోకి పోయే దారి ఉండదు. దాన్ని ముట్టుకున్న మనిషే దారి అవుతాడు. రోజూ దాన్ని ముట్టుకునేది మామగారు. వద్దని చెప్పి పంపించాను. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెండిటికంటే పొడుగ్గా ఎందుకుంటుందో ఆ రోజే అమ్మాయికి చూపించాను. కరెంటు అందేలోపే ఎర్త్ అందాలని.

టీవీకి, ఆంప్లిఫయర్‌కి మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న పెట్టె పెట్టాం. అందులో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. వైరుకు వైరు తగలకుండా పాటను అయస్కాంత శక్తితో అటువైపు దాటిస్తాయి. ఇంటి ఎర్త్ ఎక్కడిదక్కడే ఉంది. మీ టీవీకి, ఆంప్లిఫయర్‌కి ఆప్టికల్ సాకెట్లు ఉంటే ఈ పెట్టె కూడా అక్కర్లేదు. అందులో వెళ్లేది వెలుగు, కరెంటు కాదు.

నోట్‌బుక్‌లో 'మోత 2' అని ఇంకో పేజీ మిగిలింది. ఫ్యాన్ తగ్గించి పెట్టినప్పుడు మాత్రమే వచ్చే గరగర అది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలు ముక్కలుగా వదలడం వల్ల వచ్చేది. ఇంకా మార్చలేదు. ప్రస్తుతానికి మామగారు ఏడింటికి ఫ్యాన్ ఆపేసి, విసనకర్ర పట్టుకుని పాటలు వింటున్నారు.