ముద్ర కింద ఉంటుందండి

నిడదవోలు కాలువ గట్టుకి దగ్గర్లో ఓ పాత మండువా లోగిలి. ఇంటి పెద్దాయనకి డెబ్బై దాటాయి. 2016 ఆయుధ నియమాల ప్రకారం ఆ వయసువాళ్లు తమ తుపాకీని వారసుడి పేరుకి మార్పించుకోవచ్చు. మనవడు ఆ పనిలో పడ్డాడు. ఉన్నవేమిటో, ఎంత చేస్తాయో తేల్చమని పోలీసుశాఖలో ఆర్మరర్‌గా చేసి రిటైరైన ఒకాయన్ని పిలిపిస్తే, ఆయన వెంట నేనూ వెళ్లాను.

బల్ల మీద దుప్పటి పరిచి రెండు తుపాకులు పెట్టారు. ఆర్మరర్ గారు రెండింటినీ తెరిచి, లోపల తూటా లేదని వేలు పెట్టి చూసుకున్నాకే కూర్చున్నారు.

మొదటిది పన్నెండు బోరు డబుల్ బ్యారెల్. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లు చేస్తే, అందులో ఒకటి పట్టే గొట్టమన్నమాట. గొట్టాల నడిమి పట్టీ మీద ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు’ అని చెక్కి ఉంది.

“మద్రాసులో చేయించింది మా నాన్న,” అన్నారు పెద్దాయన.

“అది అమ్మిన కొట్టు పేరండి. పుట్టినూరు కింద ఉంటుందండి.”

గొట్టాలు విడదీసి, అడుగున అరిగినచోట సుద్దపొడి రుద్దారు. చిన్న కిరీటాలు, వాటి కింద బి.పి., బి.వి., ఎన్.పి. అక్షరాలు తెల్లగా తేలాయి. బర్మింగ్‌హామ్ తుపాకీ పరీక్షశాల 1904 నుంచి కొట్టిన ముద్రలవి. ఎన్.పి. ఉందంటే పొగరాని మందు దెబ్బకి గొట్టం ఆగిందని. నగిషీ ఎంతున్నా ఆ రెండక్షరాలు లేని పాత గొట్టంలో ఇప్పటి తూటా పెట్టడం చేతులారా తెచ్చుకునే చేటు.

రెండోది రైఫిలు. “యుద్ధంలో సిపాయిలు మోసిందయ్యా ఇది,” అన్నారు పెద్దాయన. చూడ్డానికి అలాగే ఉంది, లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టే. ఆర్మరర్ గారు ‘ఆర్.ఎఫ్.ఐ.’ అన్న ముద్ర, పక్కన .315 అంకె చూపించారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ పౌరుల కోసం చేసిన సరుకు.

“సిపాయి ఒడ్డూ పొడుగే గానీ సిపాయి కాదండి. సిపాయిదైతే .303. అదే ఉంటే మనందరం ఈపాటికి స్టేషన్లో ఉందుమండి!”

పటాలంలో దొంగిలించిన తూటా బయటి తుపాకీలో పట్టకూడదన్నది తెల్లదొరల లెక్క. 1907లో .450 రైఫిళ్లనీ ఇండియాకి రానివ్వలేదు. పటాలం నుంచి చేతులు మారిన పాత మార్టినీ-హెన్రీ రైఫిళ్లకి వాటి తూటాలు అందుతాయని భయం. ఇంగ్లండు కంపెనీలు ఊరుకున్నాయా? .470 లాంటి కొత్త కొలతలు పుట్టించి అమ్ముకున్నాయి. ఆయుధం చేతులు మారితే ఏమవుతుందో గోదావరివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడింది తుపాకుల కోసమే కదా.

మనవడి ధ్యాసంతా ధర మీదే. 1972 వన్యప్రాణి చట్టంతో వేట పోయింది, 1980ల్లో దిగుమతులూ ఆగాయి. అందుకే పాత విలాయతీ సరుకుకి గిరాకీ. కొనేవాడికీ లైసెన్సు ఉండాలి. ఆయుధ చట్టం 2019 సవరణ తర్వాత ఒక్కో మనిషికి రెండు తుపాకులే.

ఆర్మరర్ గారు భూతద్దం తీసి, డబుల్ బ్యారెల్ నంబరు లైసెన్సు పుస్తకంతో పోల్చారు. పుస్తకంలో చివరి అంకె మూడు. ఇనుము మీద ఎనిమిది.

“ఇది సరిచేయించుకోందే దీనికి రూపాయి కూడా రాదండి. ముందు కలెక్టరాఫీసుకి అర్జీ పెట్టండి, బేరం తర్వాత.”