గోడమీది సీతాకోకచిలుక

గోడ యనగానే మన యిల్లాండ్రకు పండుగనాటి సున్నమును, జాజుపట్టెలును మనసున మెదలును. ఉత్తర ఐర్లండునందలి బెల్‌ఫాస్టు, డెర్రీ నగరములవారికి మాత్రము గతించినవారి మొగములు మెదలును. 11 ఏండ్ల మా మనుమరాలిని వెంటనిడుకొని మేమా గోడలను జూడబోయితిమి.

మొదట బెల్‌ఫాస్టులోని ఫాల్స్ రోడ్డున నడచితిమి. ఇది కాథలిక మతస్థులగు శ్రామికుల పేట. బ్రిటిషు పాలన తొలగి ఐర్లండంతయు నొక్క ప్రజారాజ్యము కావలెనని కోరువారిచ్చట మెండు. ఇండ్ల ప్రక్కగోడలపై నిలువెత్తు బొమ్మలు గలవు. సెవాస్టొపోల్ వీథి మూలను బాబీ సాండ్స్ అను యువకుడు నవ్వుచు కనబడును. తమ్ము దొంగలతో సమానముగా జూడక రాజకీయఖైదీలుగా నెన్నవలెనని యతడు చెరసాలలో 66 దినములు నిరశనవ్రతము సల్పి, 1981 మే 5వ తేదీన 27 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆ యేట నట్లు ప్రాణములు విడిచినవారు పదుగురు. ఆ దినములలోనే ఈ పేటల యువకులు విరివిగా కుంచెలు చేపట్టిరి.

జేమ్స్ కొనోలీ మొగమును ఈ ప్రాంతపు గోడలపై గలదు. ఆయన 1868లో ఎడింబరో నగరమున ఐరిష్ పేదకుటుంబములో బుట్టి, సమసమాజవాదియై, కొంతకాలము ఈ ఫాల్స్ రోడ్డుననే కాపురముండెను. రేవుకూలీలను, నారబట్టల మిల్లులలో పాటుపడు స్త్రీలను సంఘములుగా గూర్చెను. 1916 ఈస్టరు తిరుగుబాటులో గాయపడి నిలువలేకున్న యాయనను మే 12వ తేదీన కుర్చీకి గట్టి కాల్చిరి. ఆయన కార్యదర్శిని వినిఫ్రెడ్ కార్నీ టైపుయంత్రమును చేతబట్టుకొని తిరుగుబాటుదారులతో డబ్లిను తపాలా కార్యాలయమున బ్రవేశించిన ధీర. ఆ కాలమున మన వి.వి. గిరిగారు డబ్లినులోనే న్యాయశాస్త్రము చదువుచుండిరి. 1916లో స్వదేశమునకు మరలి, రైల్వేకార్మికుల నాయకులై, తుదకు 1969లో రాష్ట్రపతులైరి. కావున కొనోలీ మొగము మాకు పరాయిదిగా దోచలేదు.

అయినను మా మనసు నెమ్మదింపలేదు. కొన్ని గోడలపై తుపాకులును గలవు. కొంచెము దూరముననున్న షాంకిల్ రోడ్డు ప్రొటెస్టంటు శ్రామికుల పేట. అచ్చటి గోడలపై వారి వీరులు, వారి మృతులు. రెండు పేటల నడుమ ఎత్తయిన గోడ నేటికిని నిలిచియున్నది. 1998లో ఒడంబడిక కుదురులోపల దాదాపు 30 ఏండ్ల కలహమున 3,500 మందికి పైగా మరణించిరి. అన్నియు జూచి మనుమరాలు, “వీళ్ళలో మంచివాళ్ళెవరు, అమ్మమ్మా?” అని యడిగినది. మాకు జవాబు తోచలేదు.

మరునాడు డెర్రీ నగరమునకు బోయి బాగ్‌సైడ్ పేటను జూచితిమి. ముగ్గురు చిత్రకారులు 1994 మొదలుకొని యిచ్చటి రాస్‌విల్ వీథి గోడలపై తమ యూరి చరిత్రను వ్రాసిరి. ఒక గోడపై 1969లో 21 ఏండ్ల ప్రాయముననే పార్లమెంటు సభ్యురాలైన బెర్నడెట్ డెవ్లిన్ జనులనుద్దేశించి పలుకుచున్నది. మరియొక గోడపై పాఠశాల దుస్తులతో నొక బాలిక నిలిచియున్నది. ఆమె 1971లో తుపాకిగుండునకు బలియైనది. వయస్సు 14 ఏండ్లు. ఆమె ప్రక్కన నొక తుపాకి. తలపైన నొక సీతాకోకచిలుక.

1999లో ఈ బొమ్మను వ్రాసినపుడు చిత్రకారులు సీతాకోకచిలుకకు రంగులు వేయక గీతలు మాత్రమే గీచి విడిచిరట. శాంతి నిలుచునో లేదో యను సందేహము వారిని వదలలేదు. 2006లో తిరిగివచ్చి, చిలుకకు రంగులద్ది, తుపాకి రెండుగా విరిగినట్లు దిద్దిరి. అంతకాలము ఆ వీథివారందరు ఆ రంగులేని రెక్కలనే చూచుచు గడపిరి.

మనుమరాలు చాలసేపు బొమ్మను జూచి, “నాకంటే మూడేళ్ళే పెద్దది” అన్నది. నిన్నటి ప్రశ్నను మరల నడుగలేదు. ఆ ప్రశ్నకు మాకిప్పటికిని జవాబు దొరకలేదు. కాని సోదరీమణులారా, బిడ్డలకు వీరుల కథలు చెప్పునపుడు ఏ పక్షమునను పోరాడక మరణించిన ఈ బాలిక కథను గూడ చెప్పవలెనని నిశ్చయించుకొంటిమి. సాండ్స్, కొనోలీల కథలు విని తుపాకివైపు చూచు పిల్లలు ఈమె కథ విని సీతాకోకచిలుకవైపును జూతురు గదా.