రాబోవు ఆటల మచ్చు

వస్తువును కొనుటకు ముందు దాని మచ్చు చూచుట మన పెద్దలు మనకు నేర్పిన వివేకము. బియ్యము కొనువాడు సంచిలోనుండి గుప్పెడు గింజలు తీయించి అరచేత నలిపి చూచును. మన నగరిలో పవర్‌లూము బట్ట కొనవచ్చిన వర్తకుడు మడత విప్పి, వెలుతురునకెత్తి, పడుగును పేకయు సమముగా నున్నవో లేవో పరిశీలించిన పిమ్మటగాని బేరమునకు దిగడు. ఇట్లుండగా, ఇంకను తయారుకాని వస్తువునకు మచ్చు చూపి, ముందుగానే సొమ్ము అడుగు వ్యాపార మొకటి ఈ కాలమున వర్ధిల్లుచున్నది. అది వీడియో గేముల వ్యాపారము. మన విద్యార్థులలో పెక్కుమంది మనస్సు ఆ యాటలయందు లగ్నమై యున్నది గనుక, వానిని గూర్చి మేము కన్నులార చూచినదియు, విచారించి తెలిసికొన్నదియు ఈ పత్రికలో వ్రాయుట యుక్తమని తలంచితిమి.

ఇట్టి ఆటలను జనులకు ప్రదర్శించుట క్రొత్త సంగతి కాదు. 1958 అక్టోబరు 18వ తేదీన అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ పరిశోధనాలయమున, సందర్శకుల కొరకు ఏర్పరచిన దినమున, విలియమ్ హిగిన్‌బాథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఆసిలోస్కోపు తెరపై వెలుగుచుక్క బంతివలె నెగురు టెన్నిసు ఆట నొకదానిని అమర్చెను. శాస్త్రపరికరములను చూడవచ్చినవారు దానిని ఆడుటకై వరుసలుగట్టి నిలిచిరి. 1995లో లాస్ ఏంజిలిస్ నగరమున ఆరంభమైన ఈ3 అను ప్రదర్శన, రాబోవు ఆటలను లోకమునకు చూపు ముఖ్యవేదికయై పెక్కేండ్లు నడచి, 2023లో శాశ్వతముగా ముగిసెను. చిత్రకథల అభిమానులు కూడు కామిక్ కాన్ అను సమ్మేళనములు సైతము ఆటలకు చోటిచ్చినవి. మన దేశమున కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, 2013లో హైదరాబాదునకును, 2024 ఫిబ్రవరి 17, 18 తేదీలలో చెన్నపట్టణమునకును వచ్చినది.

చెన్నపట్టణము మనకు దూరము కాదు. ఏకాంబరకుప్పము స్టేషనులో ఉదయపు రైలెక్కినవారు అరక్కోణము మీదుగా మధ్యాహ్నము కాకమునుపే చేరవచ్చును. తలిదండ్రుల అనుమతి గైకొని, తొమ్మిదవ తరగతి విద్యార్థులను ఐదుగురను వెంటబెట్టుకొని మేము నందంబాకములోని ట్రేడ్ సెంటరునకు పోయితిమి. మాతో ఒక బాలుని తండ్రియు వచ్చెను. ఆయన ఇరువది యేండ్లుగా పవర్‌లూములపై పనిచేయుచున్న నేతగాడు. ఇంకను విడుదలకాని ఆట యొకదానికి 4,000 పైచిలుకు రూపాయలు ముందుగా చెల్లింపుమని కుమారుడు నెల దినములనుండి పట్టుపట్టుచుండెను. శ్రీపెరుంబుదూరు ప్రాంతమున ఫ్యాక్టరీలో పనిచేయు అన్న కొనియిచ్చిన కంప్యూటరు ఇంట నుండెను. ఆట మాత్రము కొదువ. ఆ వింత యేమో స్వయముగా చూచి నిశ్చయింతునని తండ్రి బయలుదేరెను.

అచ్చట చిత్రవిచిత్రములైన వేషములు ధరించిన యువజనులను, చిత్రకథల అంగళ్లను దాటి, ఆటల విభాగమునకు చేరితిమి. పెద్ద తెరపై మన బాలుడు కోరిన ఆటయొక్క ట్రైలరు నడచుచుండెను. కొండలు కూలుచుండెను, ఆకాశము మండుచుండెను, వాద్యఘోషచే నేల యదరుచుండెను. బాలుడు రెప్పవేయక చూచుచుండెను. తండ్రియు తుదివరకు శ్రద్ధగా చూచి, మావైపు తిరిగి, "బాగున్నది సార్. కాని దీనిలో ఆట ఏది? ఆడుచున్నవాడు ఎవడు?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు మించిన ప్రశ్నను మేము ఆ దినమున వినలేదు. రాబోవు ఆటను చూపుట మూడు విధములు. మొదటిది ట్రైలరు, అది సినిమావలె కూర్చిన చిత్రము. దానిలోని దృశ్యములన్నియు ఆటలో నుండితీరవలెనన్న నియమము లేదు. రెండవది, తయారుచేసినవారే ఆడి చూపుట. ఎచ్చట గోతులున్నవో వారెరుగుదురు గనుక వారు పడరు. మూడవది, చూడవచ్చినవాని చేతికే ఆటనిచ్చుట. దీనినే డెమో అందురు. మచ్చు అను పేరునకు నిజముగా తగినది ఈ మూడవదియే.

తండ్రి రెండవ ప్రశ్నయు అడిగెను: "ఇది మన ఇంటి కంప్యూటరుపై నడచునా?" అచ్చటి ఉద్యోగి మర్యాదగా ఆ యాటకు కావలసిన యంత్రశక్తి యెంతయో చదివి వినిపించెను. బాలుని యంత్రమునకు అందులో సగము జ్ఞాపకశక్తియైనను లేదు. బాలుడు తల వంచుకొనెను. మేమెవ్వరమును మాటాడలేదు.

పిమ్మట ఒక మూల, చిన్న బల్లయొద్ద ఇద్దరు యువకులు తాము స్వయముగా తయారుచేయుచున్న ఆటను పెట్టుకొని కూర్చుండిరి. ఒక భాగము మాత్రమే పూర్తియైనది. మా బాలిక యొకతె ఆడ కూర్చుండి, ఒక వంతెనయొద్ద ముమ్మారు పడెను. ఆమె తరువాత ఆడిన బాలురిద్దరును అచ్చటనే పడిరి. యువకులలో నొకడు ప్రతిసారి నోటుపుస్తకములో గీత గీయుచుండెను. ఎందుకని యడుగగా, "ఒకరు పడిన వారి పొరపాటు కావచ్చును, అందరును ఒక్కచోటనే పడిన అది మా పొరపాటు. దానిని కనుగొనుటకే ఇచ్చటికి వచ్చితిమి" అనెను. అప్పుడు మా బాలిక జంకక, వంతెనయు గోడయు ఒకే రంగుగా నుండుటచే ఎచ్చట కాలు మోపవలెనో తెలియుటలేదని చెప్పెను. ఆ యువకుడు ఆమెకు వందనములు చెప్పి, ఆ మాటను యథాతథముగా వ్రాసికొనెను.

నేతగాని ముఖము వికసించెను. "మేమును ఇంతే బాబూ. పడుగు ఎక్కించి మొదటి గజము నేసి చూచుకొందుము. అప్పుడు కనబడిన తప్పునకు దారము మార్చిన చాలును, చీర ముగిసిన పిమ్మట కనబడినచో చీరయే నష్టము" అనెను. అనుమానముతో వచ్చిన ఆ తండ్రి ఆ బల్లయొద్దనే చాలసేపు నిలిచి, బొమ్మ యెట్లు కదలుననియు, శబ్దము ఎవరు కూర్తురనియు అడిగి తెలిసికొనెను.

మచ్చు చూడక కొన్నందున కలిగిన చేటునకు ఈ వ్యాపారచరిత్రలో నిదర్శనములు కలవు. 1982లో అటారీ సంస్థ 'ఈ.టి.' అను ప్రసిద్ధ చలనచిత్రము పేర ఒక ఆటను సుమారు ఐదు వారములలో తయారుచేయించి విక్రయించెను. జనులు మొదట పేరును చూచి కొనిరి. పిదప విసిగి విడిచిరి. అమ్ముడుపోని సరకు 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డో యొద్ద పూడ్చబడెను. 2014లో త్రవ్వి చూడగా బయటపడెను. పోలండు దేశపు 'సైబర్‌పంక్ 2077' అను ఆట 2012లో ప్రకటింపబడి, 2018 ఈ3లో ప్రేక్షకులను ముగ్ధులను జేసి, 2020 డిసెంబరులో విడుదలయ్యెను. పాత యంత్రములపై లోపభూయిష్ఠముగా నడచుటచే సోనీవారు ఆ నెలలోనే దానిని తమ ఆన్‌లైను అంగడినుండి తొలగించి, 2021 జూనులో గాని మరల చేర్చలేదు. అయినను న్యాయము పలుకవలెను. దానిని చేసినవారు తరువాతి యేండ్లలో శ్రమించి సరిదిద్దిరి. పూణె నగరమునందలి నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను చిన్న సంస్థవారు, 'రాజి' అను బాలిక కథానాయికగా గల ఆటకై 2017లో ప్రజలనుండి సొమ్ము కోరగా, కోరినంత సమకూడలేదు. వారు పని విడువక 2020లో ఆటను పూర్తిచేసి లోకమున కందించిరి. మెరుపు కొన్ని నిమిషములలో ముగియును. పని ఏండ్లకొలది సాగును.

ఆ సాయంత్రము రైలులో మా బాలుడు వ్రేళ్లు మడచి యేదో లెక్కించుచుండెను. ఆ సొమ్ము తండ్రికి ఎన్ని దినముల కూలియో లెక్కించుచున్నాడని మాకు తోచెను. కొంతసేపటికి, "విడుదల కానిమ్ము నాయనా, ఆడినవారు చెప్పినది విని చూతము" అనెను. తండ్రి మెచ్చుకొనలేదు, మందలింపలేదు. "ఆ నోటుపుస్తకములో వ్రాసికొన్న అబ్బాయి పనికి ఏమి చదువవలెను సార్?" అని మమ్ము అడిగెను. గణితము, చిత్రలేఖనము, కథాకల్పనము, సంగీతము, వీనితోపాటు ఇతరులు చెప్పు తప్పును ఓర్పుతో వినుట యని చెప్పితిమి.

విద్యార్థులారా, రాబోవు ఆటను చూచి సంతోషించుట తప్పు కాదు. కాని చూచునప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు: ఇది చిత్రమా, ఆటయా? ఆడుచున్నది ఎవరు? నా యంత్రముపై నడచునా? విడుదలవరకు ఆగినచో నాకు కలుగు నష్టమేమి? తలిదండ్రులారా, ఆటలన్నియు జూదమని త్రోసివేయకుడు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము సైతము డబ్బు పందెపు ఆన్‌లైను ఆటలను నిషేధించి, తక్కిన ఆటలను వానినుండి వేరుచేసినది. బిడ్డలతో ఒకసారి పోయి చూడుడు. మీ వృత్తిలో మీరు నేర్చిన పరీక్ష అచ్చటను పనికివచ్చును.

వంతెనయొద్ద ముమ్మారు పడిన ఆ బాలిక ఇప్పుడు గ్రాఫు కాగితముపై ఒక చిక్కుదారి ఆటను గీచి, మధ్యాహ్న విరామమున తోటివారిచే ఆడించుచున్నది. ఎవరు ఎచ్చట చిక్కుకొన్నదియు ప్రక్కన పెన్సిలుతో గుర్తించుకొనుచున్నది. ఇప్పటికి నాలుగుసార్లు చెరిపి మరల గీచినది.