విరిగిన పాలు

పిల్లలూ, మా పెద్దమ్మాయికి అప్పుడు నెల వయసు. ఒకనాడు పాలు తాగిన కాసేపటికే తెల్లటి పలుకులుగా కక్కింది. "తల్లిపాలు విరిగిపోయాయి, మాన్పించెయ్యండి" అన్నారు ఇరుగుపొరుగు అమ్మలక్కలు. నా భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. బడిలో పాఠాలు చెప్పే నాకూ నోట మాట రాలేదు.

అమలాపురం దగ్గర మా ఊరు. ఈనిన మా గేదెను చూడడానికి ఆవేళే పశువుల డాక్టరుగారు వచ్చారు. "పిల్ల హుషారుగా ఉందా? బరువు పెరుగుతోందా?" అని అడిగి, "కడుపులో పాలు విరగడం జబ్బు కాదండి మాష్టారూ! మీ దూడ కడుపులోనూ ఇప్పుడు జరుగుతున్నది అదే" అన్నారు.

దూడ పొట్టలో నాలుగు అరలుంటాయి. నాలుగో అరలో కైమోసిన్ అనే ఎంజైము ఊరుతుంది. పాలలోని కేసిన్ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా వాటి మీద నూగులాంటి పొర ఉంటుంది. కైమోసిన్ ఆ నూగును కత్తిరించేస్తుంది. దాంతో రేణువులు అతుక్కుని గడ్డకడతాయి. పాలు నీళ్లలా జారిపోకుండా కడుపులో నిలిచి మెల్లగా అరుగుతాయి. పసిపిల్లల్లో ఈ పని కడుపులోని ఆమ్లమూ, పెప్సిన్ అనే మరో ఎంజైమూ చేస్తాయి. మన తోడుపెరుగు సంగతి వేరు, అది సూక్ష్మజీవుల పులుపు. జున్నా, అది వేడికి గట్టిపడేది.

పూర్వం చీజు చేసేవాళ్లు దూడల పొట్టలోంచే ఈ ఎంజైము తీసేవారు. సూక్ష్మజీవుల చేత తయారు చేయించిన కైమోసిన్‌కు 1990లో అమెరికా అనుమతి ఇచ్చింది.

ఆ సాయంత్రం మా అమ్మాయి మళ్లీ తల్లిపాలు తాగింది. మళ్లీ కాస్త కక్కింది కూడా. ఈసారి ఎవరూ ఏడవలేదు.