గానుగ దగ్గర అతిథి

మా ఊరు శారదానదికి సమీపంలో, అనకాపల్లికి కొద్ది దూరంలో ఉంది. పుష్యమాసపు తెల్లవారుజామున ఆ ఊరిలో అడుగుపెట్టేవారికి ఇళ్లు కనబడకముందే పాకం వాసన ఎదురయ్యేది. ఆ వాసన వచ్చిన దిక్కుగా నడిస్తే మా గానుగ. అక్కడికి వచ్చినవాడు బంధువైనా, బాటసారి అయినా ఒట్టి చేతులతో తిరిగిపోవడం మా నాన్నగారి కాలంలో లేదు. ముంతెడు రసం ఇచ్చేవారు. పెనం దించాక అంచున అంటుకున్న వేడిబెల్లాన్ని చెరకు ముక్కతో గీసి చేతికందించేవారు. దానికి వెల కట్టాలని ఎవరికీ తోచలేదు. కట్టకూడదని కూడా ఎవరూ చెప్పలేదు. అది చెప్పి తెలుసుకోవలసిన సంగతే కాదు.

అటువంటి సంగతి గత మాఘమాసంలో మా ఇంట్లో చర్చకు వచ్చింది. మా తమ్ముడి కొడుకు ఫోను చేశాడు. "పెదనాన్నా, విశాఖపట్నం నుంచి ఆదివారాలు కొన్ని కుటుంబాలు వస్తామంటున్నాయి. గానుగ చూసి, మన ఇంట్లో భోజనం చేసి వెళతారట. మనిషికింత అని తీసుకుందామనుకుంటున్నాను. నాన్న ససేమిరా వద్దంటున్నాడు. మీరొకసారి రావాలి" అన్నాడు. ప్రభుత్వోద్యోగంలో ముప్పై ఏళ్లకు పైగా గడిపి, గ్రామీణ ఉపాధి గురించి, వ్యవసాయోత్పత్తులకు విలువ పెంచడం గురించి ఎన్నో దస్త్రాలపై రాసినవాణ్ణి నేను. నా ఇంటి గానుగ విషయంలో తీర్పు చెప్పమనేసరికి నోట మాట రాలేదు.

విలువ పెంచడమనే మాట దస్త్రాలలోకి రాకముందే చెరకు రైతుకు ఆ పని తెలుసు. నూరు కిలోల చెరకును గానుగాడితే అరవై, అరవై అయిదు కిలోల రసం వస్తుంది. ఆ రసం మరిగి మరిగి చివరకు సుమారు 10 కిలోల బెల్లమవుతుంది. మిగిలిన పిప్పిని ఎండబెడితే అదే ఆ పొయ్యికి వంటచెరకు. బయటినుంచి కొనవలసింది పిడికెడు సున్నం మాత్రమే. నరికిన చెరకును ఆలస్యం చేయకుండా ఆడాలి. ఆలస్యమైతే పంచదార పాలు తగ్గి బెల్లం సరిగా గట్టిపడదు. అందుకే పొలం, గానుగ, పొయ్యి ఒకే చోట ఉండేవి. వరి పండించినవాడు మిల్లు దాకా, పత్తి పండించినవాడు జిన్నింగు దాకా పోవలసి ఉండగా, చెరకు రైతు తన పంటను తన గట్టు మీదనే సరుకుగా మార్చుకునేవాడు.

ఆ మార్పులో విలువ ఎక్కడ ఉందో తెలియాలంటే పాకం చూసే మనిషిని చూడాలి. మా గానుగలో ఆ పని చేసే వృద్ధుడు నా చిన్ననాటి స్నేహితుడు. తెట్టు ఎప్పుడు తీయాలో, మంట ఎప్పుడు తగ్గించాలో ఆయనకు రసం పొంగే తీరే చెబుతుంది. చివరి ఘడియలో చుక్క పాకాన్ని చన్నీళ్లలో వేసి వేళ్ల మధ్య ఉండకడతాడు. ఉండ బిగిస్తే పెనం దించమని సైగ చేస్తాడు. అప్పుడు పాకం వేడి సుమారు 118 డిగ్రీల సెల్సియస్ ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆయన చేతిలో ఉష్ణమాపకం ఎన్నడూ లేదు. క్షణం ముందైతే దిమ్మ జారిపోతుంది, క్షణం తరువాతైతే మాడిపోతుంది. 1913లో అనకాపల్లిలో వెలసిన పరిశోధనా కేంద్రం చెరకు రకాల మీద, బెల్లం తయారీ మీద ఎంతో కృషి చేసింది. అయినా పెనం దగ్గర ఆ సైగ చేసే చెయ్యి లేకపోతే మంచి చెరకు కూడా మంచి బెల్లం కాదు.

ఇంత నేర్పు ఉన్నా, సరుకు బజారుకు వెళ్లేసరికి దాని విలువను నిర్ణయించేది రంగు. అనకాపల్లి బెల్లం బజారు దేశంలోని పెద్ద బజారులలో ఒకటి. అక్కడ పసిమి దిమ్మకు ఒక ధర, ముదురురంగు దిమ్మకు మరొక ధర. ఆ పసిమి కోసం పాకంలో హైడ్రోస్ అనే తెల్లని పొడి వేయడం అలవాటయింది. దానివల్ల బెల్లంలో గంధకపు అవశేషాలు మిగులుతాయి. గంధక డయాక్సైడు పది లక్షల పాళ్లలో 70 పాళ్లు మించరాదని ఆహార నిబంధనలు చెబుతున్నాయి. పెనం దగ్గర తూచి వేసేవారెవరు? పైగా ఆ రంగు శాశ్వతం కాదు. నిలవలో క్రమంగా నల్లబడుతుంది. మా తమ్ముడు కొన్నేళ్లు ఆ పొడి వేయకుండా నిలిచాడు. వేలంలో అతని దిమ్మలు ప్రతిసారీ వెనకపడ్డాయి. చివరకు అతనూ వేశాడు. ఆ ఏడాది సంక్రాంతికి అరిసెల బెల్లం మాత్రం వేరే పెనంలో, పొడి లేకుండా వండించి ఇంటికి పంపాడు. తాను తినని సరుకు లోకానికి అమ్ముతున్నానన్న బాధ అతను నోరు విప్పి చెప్పలేదు. ఆ వేరే పెనమే చెప్పింది.

ముదురురంగు బెల్లానికి మరొక నింద కూడా ఉండేది. 1995లో రాష్ట్రంలో మద్యనిషేధం అమలైన నాటినుంచి, నల్లబెల్లం అంటే సారాబట్టీకి పోయే సరుకన్న అనుమానం బలపడింది. రైతు నిజాయితీగా వండిన బెల్లం తన రంగు వల్లనే సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఇప్పుడు పట్నంలో అదే రంగు ఆరోగ్యానికి చిహ్నమై, అందమైన సంచులలో అమ్ముడవుతున్నది. బెల్లం మారలేదు, కొనేవాడి చూపు మారింది. ఆ మార్పు వల్ల కలిగిన లాభంలో గానుగ దాకా వచ్చింది చాలా స్వల్పం.

మా అబ్బాయి ఆలోచన ఇక్కడే మొదలయింది. ఈ ప్రాంతంలో చక్కెర మిల్లులు మూతపడుతున్నాయి, చెరకు సాగు తగ్గుతున్నది, గానుగలు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. పొడి వేయని బెల్లాన్ని చిన్న అచ్చులుగా, పొడిగా చేసి నేరుగా ఇళ్లకు అమ్మాలని అతని సంకల్పం. కానీ పొడి వేయలేదని కొనేవారు ఎలా నమ్ముతారు? సంచి మీద ముద్రించిన మాట అందరూ ముద్రిస్తారు. "వచ్చి చూస్తే నమ్ముతారు పెదనాన్నా. చూసినవాళ్లు మళ్లీ రంగు అడగరు" అన్నాడు. అతనికి అతిథి వినోదం కోసం వచ్చే యాత్రికుడు కాదు, సరుకుకు సాక్షి.

ఈ తరహా ప్రయత్నాలు ఇతర చోట్ల జరిగినవే. ఇటలీ 1985లోనే వ్యవసాయ పర్యాటకానికి చట్టం చేసింది. అతిథులను ఉంచుకునే హక్కు రైతుకే ఇస్తూ, సేద్యమే ప్రధానంగా ఉండాలని, ఆతిథ్యం దానికి అనుబంధంగా మాత్రమే నడవాలని నియమం పెట్టింది. మన దేశంలో మహారాష్ట్ర 2020లో ఇందుకు ప్రత్యేక విధానం ప్రకటించింది. అదే ఏడు కేంద్రప్రభుత్వం చిన్న ఆహార తయారీదారులకు పెట్టుబడి వ్యయంలో 35 శాతం, 10 లక్షల రూపాయలకు మించకుండా, రాయితీ ఇచ్చే పథకం ప్రారంభించింది. ఇవన్నీ అవసరమే. అయితే ఇటలీ నియమంలోని హెచ్చరికను మనం గుర్తుంచుకోవాలి. సేద్యం ఆగిపోయి ఆతిథ్యమే మిగిలితే, గానుగ నాటకరంగం మీది అలంకరణ అవుతుంది. అప్పుడు చెరకు బయటినుంచి కొని తెచ్చి తిప్పవలసి వస్తుంది.

నేను వెళ్లిన ఆదివారం నాలుగు కుటుంబాలు వచ్చాయి. ఉదయం శంకరం దగ్గరి బొజ్జన్నకొండ బౌద్ధ గుహలు చూసి, మధ్యాహ్నానికి మా ఊరు చేరారు. మా తమ్ముడు దూరంగా మంచం మీద కూర్చుని పత్రిక చదువుతున్నట్టు నటిస్తున్నాడు. పెనం దిగింది. ఒక పాప, అయిదారేళ్లుంటాయేమో, పొగకు కళ్లు నులుముకుంటూనే పెనం వైపు నడిచింది. ఆమె తల్లి వెనక్కి లాగుతూ, "ముందు డబ్బు కట్టామో లేదో కనుక్కోనీ" అంది. ఆ మాట మా తమ్ముడి చెవిన పడింది. పత్రిక పక్కన పెట్టి లేచాడు. చెరకు ముక్క తీసుకుని పెనం అంచు గీశాడు, నోటితో ఊదాడు, పాప చేతిలో పెట్టాడు. "దీనికి డబ్బేమిటమ్మా" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చుని లెక్క రాసుకున్నాం. భోజనానికి వెల ఉంటుంది. వండేది మా మరదలు, ఆమె శ్రమకు ఇన్నాళ్లూ ఎవరూ లెక్క కట్టలేదు. కొనుక్కునే బెల్లానికి వెల ఉంటుంది. పెనం దగ్గర నిలబడి పాకం గురించి చెప్పే వృద్ధుడికి ఆదివారం ఆదాయంలో భాగం ఉంటుంది; ఆయన మనవళ్లెవరూ ఆ పని నేర్చుకోలేదు, కూలి చాలక. గానుగ దగ్గర తాగే ముంతెడు రసానికి, పెనం అంచు బెల్లానికి వెల ఉండదు. పాకంలో పొడి ఉండదు. ఈ ఆఖరి మాట మా తమ్ముడే చెప్పి రాయించాడు.

ఈ లెక్క నిలుస్తుందో లేదో రెండు మూడు పంటకాలాలు గడిస్తే గానీ తేలదు. ఆదివారాలు చెరకు ఉన్నన్నాళ్లే, చెరకు నీళ్లున్నన్నాళ్లే. ఒక ఏడు వానలు తప్పితే చాలు, మా కాగితం తిరగరాయవలసి వస్తుంది. నేను తిరుగుప్రయాణమయ్యేటప్పుడు మా తమ్ముడు ఒక మూట చేతికిచ్చాడు. ముదురు తేనెరంగు బెల్లం. "ఇంటికోసం వేరుగా వండించావా?" అని అడిగాను. "వేరే పెనం తీసేశాను అన్నయ్యా. ఇప్పుడు ఒకటే పెనం" అన్నాడు.