యాభై ఆరేళ్ళకి పలక పట్టాను

నవ్వనని మాటిస్తే ఒక సంగతి చెబుతాను. కిందటేడాది, యాభై ఆరేళ్ళ వయసులో, నేను పలకా బలపం కొనుక్కున్నాను. సూళ్ళూరుపేట బజారులో కొట్టతను "మనవడికా అమ్మా?" అనడిగితే "ఆఁ" అనేశాను. నాకోసమేనని చెప్పడానికి నోరు రాలేదు.

మాది శ్రీహరికోట. అటు బంగాళాఖాతం, ఇటు పులికాట్ సరస్సు, మధ్యలో సరుగుడు తోపులూ రాకెట్లూ. మావారు అక్కడ టెక్నీషియన్. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఎన్ని ప్రయోగాలు చూశానో లెక్కే లేదు. రాకెట్టు లేచిందంటే వంటింట్లో స్టీలు గిన్నెలు అరల్లో గలగలమంటాయి. చుట్టూ అందరూ పెద్ద చదువుల వాళ్ళు. నాది పదో తరగతి. అదీ ఇంగ్లీషులో తప్పి, రెండోసారి గట్టెక్కాను.

మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒకరోజు, "అమ్మా, రేపు స్కూల్లో మీటింగుకి నువ్వు రావద్దు, నాన్నని పంపు" అంది. ఎందుకే అంటే, "నువ్వు బస్సు, బెడ్డు, రాకెట్టు అంటావు. అందరూ నవ్వుతారు" అంది. చిన్నపిల్ల, దానికేం తెలుసు! కానీ ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. మళ్ళీ ఆ స్కూలు గడప తొక్కలేదు. అది ఎప్పుడో మరిచిపోయి ఉంటుంది. నేను మరిచిపోలేదు. మీరైతే మరిచిపోతారా?

ఆ పిల్లే పెళ్ళయి జపాను వెళ్ళింది. అల్లుడికి నగోయా దగ్గర ఉద్యోగం. వెళ్ళిన నెలకి ఫోను చేసి ఒకటే నవ్వు. "హోటల్లో 'మిల్క్' అని నాలుగుసార్లు అడిగానమ్మా, ఎవరికీ అర్థం కాలేదు. చివరికి 'మిరుకు' అంటే తెచ్చారు. ఇక్కడ ఇంగ్లీషు మాటలన్నీ అచ్చం నీలాగే అంటారు!"

నిజమేనండీ. మనకి బస్సు, వాళ్ళకి 'బసు'. మన గ్లాసు వాళ్ళ 'గురసు', మన బెడ్డు 'బెద్దొ', టేబులు 'తేబురు', కేకు 'కేకి'. మనలాగే వాళ్ళకీ మాట పొల్లుతో ఆగడం ఇష్టం ఉండదు, చివర ఒక అచ్చు తగిలించి కూర్చోబెడతారు. ఒక్క 'న్' మాత్రం మినహాయింపు. ఇలా బయటి భాషల నుంచి వచ్చిన మాటలు రాసుకోవడానికి వాళ్ళకి ప్రత్యేకంగా ఒక లిపే ఉంది. దాని పేరు కతకానా.

ఇంతలో అమ్మాయికి నెల తప్పింది. పురుడు అక్కడే అన్నారు. అల్లుడు పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. బాలింతని పెట్టుకుని కొట్టుకి పోవాల్సింది నేనే. మేము శాకాహారులం. పొట్లం మీద బొమ్మ చూసి కొంటే లోపల ఏముంటుందో ఎవరికి తెలుసు? ఆ భయమే నాచేత పలక పట్టించింది.

గురువు కూడా దగ్గర్లోనే దొరికింది. మా కింది వాటాలో అమ్మాయి శ్రీసిటీలో ఒక జపాను కంపెనీలో పనిచేస్తోంది. శ్రీసిటీ తెలుసు కదా, తడ దగ్గర. ఇసుజు బండ్లు 2016 నుంచీ, డైకిన్ ఏసీలు 2023 నుంచీ అక్కడ తయారవుతున్నాయి. ఆ పిల్ల ఒక అట్ట మీద అక్షరాలన్నీ రాసి, పక్కన తెలుగులో పలుకు వేసి ఇచ్చింది. మా ఎదురింటామె చూసి "ఏందక్కా, ఈ వయసులో ఓనమాలా?" అని బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకోనీండి.

ఆ అట్ట చూసి నేను నోరు తెరిచాను. మొదటి వరస అ, ఇ, ఉ, ఎ, ఒ. కిందికి పోతే క, స, త, న, హ, మ, య, ర, వ. ఇది మన వర్ణమాల వరసే కదండీ! 'చ' ఉండాల్సిన చోట 'స' ఉంది, 'ట' అసలు లేదు, 'ప' చోట 'హ' ఉంది. ఆ 'హ' కూడా పూర్వం 'ప'లాగే పలికేదట. బౌద్ధంతో పాటు సంస్కృత అక్షరాల క్రమం అక్కడి భిక్షువులకి అందింది, దాన్నే వాళ్ళ అక్షరాలకీ వాడుకున్నారు. మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు అనే భిక్షువే 752లో నారాలో తోడైజీ మహాబుద్ధుడి విగ్రహానికి కళ్ళు తెరిపించాడు. అక్షరాలు కూడా భిక్షువులు చేసినవేనట. తొమ్మిదో శతాబ్దంలో చైనా లిపిలో ఉన్న గ్రంథాలు చదువుకుంటూ, పంక్తుల పక్కన ఇరుకు జాగాలో పలుకు గుర్తులు వేసుకోవడానికి పెద్ద అక్షరంలోంచి ఒక ముక్క విరిచి తీసుకున్నారు. 'కత' అంటే ముక్క అనే అర్థం. హిరగానా అని ఇంకో లిపి ఉంది, దాన్ని ఒకప్పుడు 'ఆడవాళ్ళ చేతిరాత' అనేవారు. ఆ కబుర్లు మళ్ళీ ఎప్పుడైనా.

కతకానాలో అక్షరాలు 46. తక్కువే కదా అనుకుంటే తప్పులో కాలేసినట్టే. గుణింతం లేదు! మనకి 'క' వస్తే కి, కు, కె, కొ వాటంతట అవే వస్తాయి. అక్కడ ఐదుకీ ఐదు బొమ్మలు, ఒకదానికొకటి చుట్టం కాదు. అందుకని నాకు తెలిసిన వస్తువులతో ముడేసుకున్నాను. 'రొ' పెళ్ళిపీట. 'హె' పూరిగుడిసె కప్పు. 'తె' కరెంటు స్తంభం. 'మి' కొంచెం వాలిన విభూతి రేఖలు. 'నొ' ఒంటరి వేపపుల్ల. కుక్కరు మూడు కూతలు వేసే లోపల ఒక వరస రాయడం, చెరపడం. ఐదు వారాల్లో పది వరసలూ అయ్యాయి.

ఏడిపించింది మాత్రం 'షి', 'త్సు'. రెండూ రెండు చిన్న గీతలు, ఒక పొడుగు గీత. ఎటు చూసినా కవలలే. ఉపాయం చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. 'షి'లో చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి ఉంటాయి, పొడుగు గీత కింది నుంచి పైకి గీయాలి. 'త్సు'లో చిన్న గీతలు పైన పక్కపక్కన ఉంటాయి, పొడుగుది పై నుంచి కిందికి. ఒక చిన్న గీత తీసేస్తే మొదటిది 'న్', రెండోది 'సొ' అవుతాయి.

మిగతావి సులువు. అక్షరం పక్కన అడ్డగీత ఉంటే దీర్ఘం. పైన రెండు చిన్న గీట్లు పెడితే 'క' కాస్తా 'గ', 'త' కాస్తా 'ద'. 'హ' మీద సున్నా పెడితే 'ప'. టయోటా వాళ్ళ ఇంటిపేరు అసలు 'తొయొద' అట. 1936లో ఆ రెండు గీట్లూ తీసేసి బండ్లకి 'తొయొత' అని పేరు పెట్టారు. అప్పుడు ఎనిమిది గీతల్లో అయిపోతుంది, ఎనిమిది వాళ్ళకి శుభం. సంఖ్యాశాస్త్రం పిచ్చి మనకే అనుకున్నాను!

నేను కూడబలుక్కుని రాసిన మొదటి మాట ఏదో ఊహించండి. 'రొకెత్తొ'. పెళ్ళిపీట, 'కె', చిన్న 'త్సు', 'తొ'. ఆ చిన్న 'త్సు' తాను పలకదు, తర్వాతి అక్షరాన్ని ఒత్తి పలికిస్తుంది. మన తవత్తే, కాకపోతే కింద కాదు, ముందు. అచ్చులో, వాళ్ళ వార్తల్లో, పిల్లల పుస్తకాల్లో రాసేది ఇలాగే. మావారికి చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని, "వాళ్ళూ మనలాగే ద్వీపం మీంచే వదుల్తారు, తనెగషిమా అని. చంద్రయాన్-5 వాళ్ళతో కలిసి చెయ్యడానికి 2025లో అనుమతి కూడా వచ్చింది" అని అప్పగించారు. నా అక్షరం బాగుందని మాత్రం అనలేదు.

జపానులో దిగిన వారానికి ఒంటరిగా కొట్టుకి వెళ్ళాను. ఒక డబ్బా మీద 'కరే' అని ఉంది. కూరేనండీ! మసాలా ముద్ద, బొమ్మలో బంగాళాదుంప, క్యారెట్. ప్రాణం లేచొచ్చింది. రెండు తీసుకుని, అలవాటు కొద్దీ వెనక్కి తిప్పాను. చీమల్లాంటి అక్షరాలు. సగం చైనా అక్షరాలు, అవి నాకు రావు. మధ్యలో కతకానా కనిపించింది. వేలు పెట్టి చదివాను. 'బి', అడ్డగీత, 'ఫు'. బీఫు! చేతులు చల్లబడ్డాయి. రెండు డబ్బాలూ ఎక్కడివక్కడ పెట్టేశాను. ఆ తర్వాత 'పోకు', 'చికిన్', 'జెరచిన్' అని చీటీ రాసుకుని కొంగున ముడేసుకున్నాను. మాంసానికీ, గుడ్డుకీ ఉన్న చైనా అక్షరాలు మాత్రం బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నాను. గుడ్డు అక్షరంలో నిజంగానే రెండు చుక్కలు ఉంటాయి.

పాప పుట్టింది. అక్కడ 14 రోజుల్లోపు ఊరి ఆఫీసులో నమోదు చేయించాలి, మనలాంటి వాళ్ళ బిడ్డల పేరు కతకానాలో రాయాలి. అల్లుడు పెన్ను తీశాడు. మంచం మీంచి మా అమ్మాయి, "మీరు ఆగండి. అమ్మ రాస్తుంది" అంది.

చెయ్యి వణికింది. ముందు చిత్తుకాగితం మీద మూడుసార్లు రాశాను. పాప పేరు ఇక్కడ చెబితే అమ్మాయి కోప్పడుతుంది గానీ, అందులో ఒక లకారం ఉంది. వాళ్ళకి 'ల' లేదు, 'ర' రాయాలి. "పేరు తప్పు పోతుందేమోనే" అన్నాను. "తప్పేం లేదమ్మా, రాసెయ్" అంది. రాసేశాను. సాయంత్రం అల్లుడు వచ్చి, ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా తీసుకున్నారని చెప్పాడు.

పలక ఇంకా వంటింటి అటక మీదే ఉంది. ఈ మధ్య హిరగానా మొదలుపెట్టాను. 'అ' దగ్గరే నాలుగు రోజులుగా ఆగిపోయాను, ఒకటే మెలికలు!